ఊపిరి పీలిస్తే ఔట్

జమ్ములదిన్నె ఇండోర్ స్టేడియంలో గాలి ఉందన్న సంగతి ప్రభుత్వం చెప్పేదాకా ఎవరికీ తెలియదు. చెమట వాసన ఉందని తెలుసు. పైకప్పు రేకుల సందుల్లో పావురాలున్నాయని తెలుసు. ఏసీ వస్తుందని కిటికీలకు సీలు వేశారని, ఏసీ రాలేదని, సీలు తియ్యలేదని కూడా తెలుసు. కానీ లోపలి గాలి అనేది విడిగా ఒకటుంటుందని, దానికి కూడా ఒంట్లో బాగుండకపోవచ్చని, అట్లా బాగుండకపోతే అందుకు బాధ్యులెవరో తేల్చాలని ఎవరికీ తోచలేదు. ఆ లోటు తీర్చడానికే 'నిర్మల క్రీడా వాయు పథకం' వచ్చింది.

పథకంతో పాటు ఒక యంత్రం వచ్చింది. యంత్రంతో పాటు ఒక అధికారి వచ్చాడు. యంత్రాన్ని హాలు గోడకు తగిలించారు. గాలిలో సూక్ష్మజీవులు తక్కువగా ఉంటే దానికి ఆకుపచ్చ దీపం వెలుగుతుంది, ఓ మోస్తరుగా ఉంటే పసుపు, మితిమీరితే ఎరుపు. అధికారిని ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. ఆయన పేరు శేషతల్పశాయి, హోదా వాయు స్వచ్ఛతా ప్రత్యేకాధికారి. అంతకు ముందు చేపల శాఖలో చేశాడు. చెరువుల్లో చేపలు ఎందుకు చస్తున్నాయో విచారించమంటే, చచ్చిన చేపలన్నీ నీళ్ళలోనే ఉన్నాయి కాబట్టి అనుమానమంతా నీళ్ళ మీదేనని నివేదిక ఇచ్చిన మనిషి. ఆ నివేదిక పైవాళ్ళకు నచ్చబట్టే ఇంత పెద్ద బాధ్యత అప్పగించారు.

ఆయన వచ్చిన సాయంత్రమే ఎర్రదీపం వెలిగింది. ఆ సమయానికి హాల్లో కోటిరత్నం టీచరు ఆడపిల్లల చేత కబడ్డీ ఆడిస్తోంది.

కోటిరత్నం జడ్పీ హైస్కూల్లో పీఈటీ. వయసులో ఉండగా కబడ్డీలో రైడర్. ఆవిడ కూతకు వెళితే అవతలి జట్టు గీత దగ్గర నిలబడటానికి జంకేదట. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు గానీ గొంతు మాత్రం అలాగే ఉంది. బళ్ళో గంట కొట్టేవాడు సెలవు పెడితే హెడ్మాస్టరు ఆవిడనే ఒక కేక వెయ్యమని అడుగుతాడు. మ్యాట్లు స్టేడియంలో తప్ప ఊళ్ళో ఇంకెక్కడా లేవు కాబట్టి రోజూ సాయంత్రం పిల్లల్ని అక్కడికి తీసుకొచ్చేది.

ఆ పిల్లల్లో మస్తాన్‌బీ అని ఒక బక్కపిల్ల ఉంది. స్టేడియం పక్కనే ఉన్న మిర్చి యార్డులో వాళ్ళమ్మ హుసేన్‌బీ మిరపకాయలకు తొడిమలు తీస్తుంది. మస్తాన్‌బీ కూత మొదలుపెడితే ఇక ఆపదు. చూసేవాళ్ళకే ఊపిరాడనట్టు ఉంటుంది. రాష్ట్ర జూనియర్ జట్టులో పడితే అకాడమీలో సీటు, హాస్టలు, చదువు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. పడకపోతే అమ్మ పక్కన కూర్చుని తొడిమలు తీసుకోవాలి. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, ఉన్నది ఈ ఒక్క అవకాశమే. ఈసారి సెలక్షన్లు జమ్ములదిన్నెలో పెట్టించడానికి కోటిరత్నం తిరగని ఆఫీసు లేదు. ఎట్టకేలకు వేసవి సెలవుల ముందు తేదీ ఖాయమైంది. సరిగ్గా అప్పుడే గాలికి జబ్బు చేసింది.

శేషతల్పశాయి కోటిరత్నాన్ని ఆఫీసు గదికి పిలిపించాడు. బల్ల మీద మూతలున్న చిన్న చిన్న గాజు పళ్ళాలు వరసగా పెట్టి ఉన్నాయి. వాటిల్లో జెల్లీ లాంటిదేదో గడ్డకట్టి ఉంది, దాని మీద రంగురంగుల మచ్చలు.

"ఈ పళ్ళెములు హాలు నాలుగు మూలలయందు తెరిచి ఉంచబడినవి," అన్నాడు ఆయన. మనిషి ఎదురుగా ఉన్నా సర్క్యులర్ చదువుతున్నట్టే మాట్లాడతాడు. "గాలిలోని జీవులు ఇందు వాలి వృద్ధి చెందినవి. ఈ నారింజ రంగు మచ్చ తమరి జట్టుది."

కోటిరత్నం వంగి చూసింది. "మా జట్టుదని దాని మీద రాసుందా సార్?"

"షటిల్ వారిది పసుపు. టేబుల్ టెన్నిస్ వారిది తెలుపు. నారింజ ఎవరూ ఒప్పుకొనలేదు. కావున మిగిలినది తమరు."

"కిటికీలు తీస్తే పోద్ది గదా సార్. ఇంతమంది ఆడే చోట గాలి ఆడకపోతే పళ్ళెంలో మచ్చలు గాక మల్లెపూలొస్తాయా?"

ఆయన జాలిగా నవ్వాడు. "కిటికీలు తెరిచినచో బయటి గాలి లోనికి వచ్చును. బయటి గాలి మా పథకము పరిధిలోనిది కాదు. పరిధిలో లేని గాలి పరిధిలోనికి ప్రవేశించిన పిమ్మట దానిని ఏ గాలిగా భావింపవలెనో స్పష్టత లేదు. పైకి వ్రాసి ఉన్నాను. సమాధానము వచ్చువరకు కిటికీలు యథాతథము."

ఆ తరవాత అసలు సంగతికి వచ్చాడు. పరుగెత్తే వాళ్ళు రొప్పుతారు, రొప్పితే క్రిములు బయటికి వస్తాయి. అన్నిటికన్నా ఘోరం కబడ్డీ. ఆడే మనిషి నోరు తెరిచి, ఎదుటి జట్టు ముఖాల మీదే ఒకటే మాట పదే పదే అంటుంది. అందువల్ల స్టేడియంలో కబడ్డీని నిషేధించాలని నిర్ణయించుకున్నాడు. సెలక్షన్లు వేరే జిల్లాకు పోతాయి. అంత దూరం వెళ్ళి ఆడే స్తోమత ఇక్కడి పిల్లలకు లేదు.

ఏడిస్తే లాభం లేదు, అరిస్తే గాలి ఇంకా పాడవుతుందంటాడు. కోటిరత్నం అప్పటికప్పుడు నోటికి వచ్చింది చెప్పేసింది.

"సార్, మీకు ఆట తెలియక అంటన్నారు. అన్ని ఆటల్లోనూ జనం రొప్పుతారు, నిజమే. మా ఆటలో ఊపిరి పీలిస్తే ఔట్. కూత ఎందుకు పెడతారనుకుంటన్నారు? గాలి పీల్చట్లేదని నిరూపించడానికి. కూత తెగిందంటే పీల్చినట్టే, పీల్చిందంటే పోయినట్టే. ఊపిరి తీసుకోవడం తప్పని రూలు పెట్టుకున్న ఆట ఈ లోకం మొత్తానికి మాదొక్కటే సార్. మీ పథకానికి మాకంటే కావలసినవాళ్ళు ఎవరుంటారు?"

శేషతల్పశాయి కళ్ళజోడు తీశాడు, తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. చాలాసేపు పళ్ళాల వైపు చూశాడు. "ఊపిరి పీల్చుట తప్పిదము," అని మెల్లగా అనుకున్నాడు. ఆయన ముఖంలో అంత భక్తి అంతవరకూ ఎవరూ చూడలేదు. "ఇంతటి సిద్ధాంతము మన నేల మీదనే ఉండగా, మేము విదేశీ యంత్రముల వెంట తిరుగుచున్నాము."

నిషేధం ఆగిపోయింది. కోటిరత్నం ఆ సాయంత్రం పిల్లలందరికీ మిరపకాయ బజ్జీలు కొనిపెట్టింది. పెద్ద అధికారిని మాటలతో బోల్తా కొట్టించానన్న సంబరంలో తను కూడా ఎక్కువే తిన్నది. ఆ సంబరం వారం తిరక్కుండానే నోటీసు బోర్డు దగ్గర చచ్చిపోయింది.

బోర్డు మీద కొత్త ఉత్తర్వు అంటించి ఉంది. 'ఊపిరి పీల్చుటను తప్పిదముగా పరిగణించు మన మహోన్నత దేశీయ సంప్రదాయమును గుర్తించి, ఇకపై ఈ స్టేడియములో ఆడబడు సమస్త క్రీడలను కబడ్డీ సూత్రము ప్రకారము నిర్వహింపవలెనని నిర్ణయించడమైనది. హాలు లోపల శ్వాసించుట నిషిద్ధము. శ్వాస అవసరమైనవారు వరండాలోని శ్వాస ప్రాంగణమునకు వెళ్ళి, అవసరము తీర్చుకొని, తిరిగి రావలెను.'

ప్రతి ఆటగాడి నుదుటికీ ఒక పట్టీ కట్టారు. పట్టీ నుంచి దారం వేలాడుతుంది, దారం చివర ముక్కు కింద దూది పింజె. దూది కదిలితే ఔట్. దూదిని కనిపెట్టి ఉండటానికి నాసికా పరిశీలకులని కొందరిని నియమించారు. వాళ్ళు కూడా హాల్లోనే నిలబడాలి కాబట్టి వాళ్ళకూ దూది కట్టారు. వాళ్ళ దూది ఎవరు చూడాలన్నది పైకి రాశారు.

మొదట కష్టమనుకున్నారు గానీ, అలవాటు పడటంలో మన జనాన్ని మించినవాళ్ళు లేరు. షటిల్ ఆడే రిటైర్డ్ తహసీల్దారు గారైతే చాలా సంతోషించాడు. "ఇదివరకు నేను మధ్యలో ఆగితే అలిసిపోయాడనేవాళ్ళు," అన్నాడు వరండాలో బెంచీ మీద కూలబడి. "ఇప్పుడు రూలు ప్రకారం బయటికి వస్తన్నా. ఎవరి నోటికీ పనిలేదు." ఆయన ఆట మొత్తం మీద లోపల ఉన్నదానికంటే వరండాలో ఉన్నదే ఎక్కువ. ఆరోగ్యం కూడా బాగుపడింది.

చదరంగం వాళ్ళది వేరే గొడవ. ఒక ఎత్తు ఆలోచించడానికి ఊరికే గంటలు గంటలు తీసుకునేవాళ్ళు, ఇప్పుడు ఒక్క ఊపిరిలో ఎత్తు వేసి గుమ్మం బయటికి పరుగెత్తాలి. జమ్ములదిన్నెలో అన్నిటికన్నా వేగమైన ఆట చదరంగం అయింది. పరుగెత్తేటప్పుడు ఇద్దరికి కాళ్ళు బెణికాయి. గుర్రం పోయిందని బాధలో నిట్టూర్చినందుకు జిల్లా ఛాంపియన్ మీద వేటు పడింది.

యోగా గురువు గారు మాత్రం ఇవన్నీ శాస్త్రంలో ఎప్పుడో ఉన్నాయని తేల్చేశాడు. గాలి పీల్చే పూరకం వరండాలో చేయిస్తాడు, బిగబట్టే కుంభకం హాల్లో, వదిలే రేచకానికి మళ్ళీ వరండా. ఆయన శిష్యులు గుమ్మంలో వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఒకరినొకరు రాసుకుంటూ తిరుగుతుంటే, ఆఫీసు గదిలోంచి శేషతల్పశాయి కిటికీ అద్దంలోంచి చూసి మురిసిపోయేవాడు. ఆయన ఊపిరికి లెక్క లేదు. ఆయనది పరిపాలనా శ్వాస, దానికి ప్రత్యేక మినహాయింపు ఉంది.

దీపం చాలాసార్లు ఆకుపచ్చగానే వెలిగింది. పేపర్లో ఫొటో వచ్చింది, దీపం ఫొటో.

అందరికన్నా నలిగిపోయింది కబడ్డీ పిల్లలే. సూత్రం వాళ్ళదే కాబట్టి వాళ్ళు అందరికీ ఆదర్శంగా ఉండాలన్నాడు శేషతల్పశాయి. కూతకు వెళ్ళే పిల్ల ఒక్కతే ఊపిరి బిగబట్టి, ఎదుటి ఏడుగురూ హాయిగా పీల్చుకోవడం అన్యాయమని అందరికీ దూదులు కట్టించాడు. అంతటితో ఆగలేదు. కూతలో నోరు తెరవాలి, తెరిస్తే క్రిములు. ఇకమీదట కూత మనసులో పెట్టుకోవాలన్నాడు.

"మనసులో పెడితే అంపైరుకి ఎట్టా తెలుస్తది సార్?" అని అడిగింది కోటిరత్నం.

"అంపైరు కూడా మనసులోనే వినవలెను."

ఆ వారం సాధనలో ఇద్దరు పిల్లలు కళ్ళు తిరిగి పడ్డారు. పడ్డవాళ్ళను లేపుదామని కోటిరత్నం మ్యాటు మీదికి పరుగెత్తితే ఆవిడ దూది ఎగిరింది, ఆవిడ్ని ఔట్ చేసి బయటికి పంపారు. మస్తాన్‌బీ ఒక్కతే తట్టుకుని నిలబడింది. కానీ ఆ పిల్ల ఆటలో ఉన్నదంతా కూతలోనే ఉంది. నోరు మూసుకుని గీత దాటి వెళుతుంటే ఎవరింట్లోనో పిల్లి నడిచినట్టు ఉంది తప్ప, కూతకు వెళ్ళినట్టు లేదు.

"టీచర్, నాకు బలం రావట్లేదు," అన్నది మస్తాన్‌బీ వరండాలో కూర్చుని. "అరిస్తేనే కాళ్ళు ముందుకు పోతాయి నాకు. నోరు మూసుకుంటే వెనక్కి పోదామనిపిస్తంది."

కోటిరత్నం ఆ పూటే జిల్లా క్రీడాధికారి వామనరావు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఎవరికీ కాదని చెప్పడు, ఎవరికీ ఏమీ చెయ్యడు. టీ తెప్పించాడు.

"సార్, ఏదో పిల్లల ఆట పోద్దని నోటికొచ్చింది చెప్పాను. అదంతా ఉత్తమాట. గాలి పీల్చకుండా మనుషులు ఎట్టా ఆడతారు సార్? నా మాట వెనక్కి తీసుకుంటన్నా."

వామనరావు నొచ్చుకున్నాడు. "అదేంటి మేడం అట్లా అంటారు. మీ పేరు రాజధాని దాకా వెళ్ళింది. కోటిరత్నం సూత్రం అంటున్నారు అక్కడ. మాట వెనక్కి తీసుకోవచ్చు గానీ, ఒకసారి సిద్ధాంతం అయ్యాక వెనక్కి తీసుకునే పద్ధతి మన దగ్గర లేదు. టీ చల్లారిపోతుంది, తాగండి."

ఆవిడ తాగకుండానే వచ్చేసింది. దారి పొడుగునా తనను తాను తిట్టుకుంది. అధికారిని బోల్తా కొట్టించానని బజ్జీలు తిన్నది గానీ, బోల్తా పడింది ఎవరో ఇప్పుడు తెలిసింది. తన తెలివితేటలు కాకపోతే ఉత్త నిషేధంతో పోయేది. నిషేధాన్ని ఎప్పుడో ఒకప్పుడు ఎత్తేస్తారు, సిద్ధాంతాన్ని ఎవరు ఎత్తేస్తారు?

సెలక్షన్ల రోజు వచ్చింది. చుట్టుపక్కల జిల్లాల పిల్లలు పొద్దున్నే బస్సులు దిగారు. రాష్ట్ర సంఘం తరఫున సెలక్టరు పోతురాజు వచ్చాడు. ఒకప్పుడు పేరున్న ఆటగాడు, ఇప్పుడు బాగా ఒళ్ళు చేసి, మెట్టెక్కితే ముక్కులోంచి ఈల వేస్తాడు. ఆయన ముక్కు కింద దూది కట్టడానికి నాసికా పరిశీలకుడు నానా తంటాలు పడ్డాడు. కట్టిన దూది కట్టినట్టే ఎగురుతోంది.

హాలుకు ముందు రోజు నుంచే తాళం వేసి ఉంచారు. తలుపు తెరిచేసరికి దీపం ఆకుపచ్చగా మెరుస్తోంది. అందరూ వరండాలో నిండా ఊపిరి పీల్చుకుని, బుగ్గలు బిగించి, వరసగా లోపలికి నడిచారు. పిల్లలు మ్యాటు అంచున నిలబడ్డారు. కోటిరత్నం మస్తాన్‌బీ భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. మాట్లాడటానికి వీల్లేదు.

అప్పుడు శేషతల్పశాయి ప్రారంభోపన్యాసం మొదలుపెట్టాడు.

"ఈ శుభ సమయమున, శ్వాసరహిత క్రీడ అను మహాయజ్ఞమునకు శ్రీకారము చుట్టుచున్న ఈ చారిత్రక ఘట్టమున..." అని ఆయన ఎత్తుకున్నాడు. వినేవాళ్ళు ఎర్రబడ్డారు, నీలబడ్డారు, ఒకరి తరవాత ఒకరు వరండాలోకి పరుగెత్తి, పీల్చుకుని మళ్ళీ వచ్చి నిలబడ్డారు. ఆయన వాయుదేవుడి దగ్గర మొదలుపెట్టి ఇంకా మంత్రిగారి దగ్గరికి రాలేదు, దీపం పసుపుకు తిరిగింది. మంత్రిగారి దగ్గరికి వచ్చేసరికి ఎర్రబడింది.

శేషతల్పశాయి ఉపన్యాసం ఆపి నలువైపులా చూశాడు. "ఎవరో పీల్చుచున్నారు," అన్నాడు గంభీరంగా.

విచారణ మొదలైంది. ముందు ప్రేక్షకుల్ని బయటికి పంపారు. దీపం మారలేదు. ఆడపిల్లల్ని పంపారు, కోచ్‌లను పంపారు, దూది ఎగురుతున్న పోతురాజును పంపారు. ఎరుపు తగ్గి పసుపుకు వచ్చి అక్కడే ఆగింది. వామనరావుని పంపారు. నాసికా పరిశీలకుల్ని పంపారు. చివరికి హాల్లో శేషతల్పశాయి ఒక్కడే మిగిలాడు. దీపం పసుపుగానే ఉంది. ఆయన మ్యాట్ల కింద వెతికాడు, తలుపు వెనక చూశాడు. ఎవరూ దొరకలేదు. కాసేపు దీపం ఎదురుగా నిలబడి ఆలోచించాడు. తరవాత నిశ్శబ్దంగా బయటికి వచ్చి, తలుపు మూసి, తాళం వేశాడు.

అందరూ అద్దాల్లోంచి చూస్తూ నిలబడ్డారు. కొంతసేపటికి దీపం ఆకుపచ్చగా మారింది. శేషతల్పశాయి చప్పట్లు కొట్టాడు. అధికారి కొడుతున్నాడు గదా అని మిగతావాళ్ళు కూడా కొట్టారు.

"మరి సెలక్షను?" అన్నాడు పోతురాజు, ముక్కు కింద దూది పీకేసుకుంటూ.

"లోపలి పరిస్థితి అత్యుత్తమముగా ఉన్నది," అన్నాడు శేషతల్పశాయి గొంతు తగ్గించి. "ఇట్టి స్థితిని భంగపరచుట భావ్యము కాదు."

"నాకు సాయంత్రం రైలుంది. ఆట చూడకుండా ఎవర్ని తీసుకోను? ఇక్కడ సెలక్షన్ జరగలేదని రాసేసి పోతా."

మస్తాన్‌బీ నుదుటి పట్టీ విప్పి మడతపెట్టుకుంటోంది. కోటిరత్నం ఆ మడతలు చూసింది. ఇంక అధికారితో వాదించదలుచుకోలేదు, ఈసారి వాదిస్తే ఏ సిద్ధాంతం పుడుతుందోనని భయం.

"పోతురాజు గారూ, గంటసేపు ఆగండి. రైలు టయానికి నేనే దింపుతా," అన్నది. గోడ అవతల మిర్చి యార్డుకు ఆ రోజు సెలవు. మిరపకాయలు ఆరబోసే స్థలం ఖాళీగా ఉంది. పిల్లలు చీపుళ్ళు తీసుకుని ఊడ్చారు, సున్నంతో గీతలు గీశారు. మ్యాట్లు బయటికి ఇమ్మంటే ఇవ్వలేదు గానీ, ఆటకు మాత్రం శేషతల్పశాయి అభ్యంతరం చెప్పలేదు. ఆయనకు బయటి గాలితో సంబంధం లేదు.

సెలవు రోజైనా యార్డు యార్డే. నేల నిండా ఎండుమిర్చి పొడి. పిల్లలు నాలుగు అడుగులు పరుగెత్తారో లేదో ఎర్రటి దుమ్ము లేచింది. పై జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు తుమ్మడం మొదలుపెట్టారు. రైడర్ తుమ్మితే కూత తెగిపోతుంది, పట్టుకోవలసినవాళ్ళు తుమ్మితే చేతులు ముక్కు దగ్గరికి పోతాయి. ఒక పిల్ల గీత దాటి రెండు అడుగులు వేసి, ఉక్కిరిబిక్కిరై కళ్ళు నులుముకుంటూ తిరిగి వచ్చేసింది. పోతురాజు తల మీద తువ్వాలు కప్పుకుని, సందులోంచి చూస్తున్నాడు.

మస్తాన్‌బీ వంతు వచ్చింది. పిల్ల వంగి నేలను తాకి కళ్ళకద్దుకుంది. ఆ చేత్తో కళ్ళు తాకితే ఇంకొకరికైతే ఆసుపత్రే గతి. పుట్టినప్పటి నుంచి ఆ దుమ్ములో పెరిగిన పిల్ల, ఆ పొడి ఎప్పుడూ దాన్ని ఏమీ చెయ్యలేదు. గీత మీద నిలబడి నోరు తెరిచింది.

"కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ..."

ఇన్ని వారాల తరవాత ఆ కూత మొదటిసారి పైకి వినిపించింది. రేకుల షెడ్లకు తగిలి యార్డు నాలుగు వైపులా మోగింది. మస్తాన్‌బీ ఎడమకు వెళ్ళింది, కుడికి వెళ్ళింది, తుమ్ముతున్న పిల్ల మోకాలు తాకింది, దగ్గుతున్న పిల్ల భుజం తాకింది. అడ్డం వచ్చి నడుం పట్టుకున్న పిల్లను గీత దాకా ఈడ్చుకు వచ్చింది. కూత ఎక్కడా తెగలేదు. ఘాటు వల్లనే అని ఎవరనుకున్నా అనుకోనీ, కోటిరత్నం మాత్రం నిజంగానే ఏడ్చింది. ఆనందంతో ఏడ్చింది.

ఆట అయ్యాక పోతురాజు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ కోటిరత్నం దగ్గరికి వచ్చాడు. ఆయన కళ్ళ నుంచి ధారలు కారుతున్నాయి. "ఈ పిల్ల పేరు ముందు రాసేశా మేడం. ఇంతటి ఊపిరి ఎక్కడ సాధన చేసింది?"

"ఇక్కడే సార్, వాళ్ళమ్మ పక్కన కూర్చుని."

షెడ్డు నీడలో నిలబడ్డ హుసేన్‌బీ నవ్వబోయింది, దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఎన్నేళ్ళ నాటిదో ఆమెకే గుర్తు లేదు. దాని కోసం యార్డులో ఏ దీపమూ వెలగలేదు. యార్డు గాలి ఎవరి పరిధిలోనూ లేదు.

మస్తాన్‌బీ అకాడమీకి వెళ్ళిపోయింది. రైలెక్కించి వచ్చాక కోటిరత్నానికి ఒళ్ళు తేలికపడినట్టయింది. జమ్ములదిన్నె స్టేడియానికి రాష్ట్రంలో అన్నిటికన్నా స్వచ్ఛమైన గాలి ఉన్న క్రీడాప్రాంగణమని బహుమతి వచ్చింది. దాన్ని కాపాడుకోవాలని తాళం ఇక తియ్యలేదు. బళ్ళ నుంచి పిల్లలు బస్సుల్లో వచ్చి, అద్దాల్లోంచి గాలిని చూసి పోతున్నారు. శేషతల్పశాయికి ప్రమోషన్ ఇచ్చి రాజధానికి తీసుకుపోయారు. పోతే పోయాడు, మా పిల్ల గట్టెక్కింది, అదే చాలు అనుకుంది కోటిరత్నం. కొత్తగా చేరిన పిల్లల్ని యార్డులో సెలవు రోజుల్లో ఆడిస్తూ, తుమ్మినవాళ్ళకు మజ్జిగ ఇస్తూ ఆ సంగతే మర్చిపోయింది.

ఒక రోజు స్కూలు విశ్రాంతి గంటలో మస్తాన్‌బీ ఫోన్ చేసింది.

"ఎట్టా ఉన్నావే? ఆట బాగా సాగుతోందా?"

"బాగున్నా టీచర్. అన్నం బాగా పెడతన్నారు. ఆట మాత్రం ఇంకా మొదలవలేదు టీచర్. మొన్న కొత్త సార్ వచ్చారు, గోడకి దీపం పెట్టించారు. లోపల పీల్చకూడదంట. కూత మనసులో పెట్టుకోవాలంట."

కోటిరత్నం గోడకు ఆనుకుంది. "ఏ సారు?"

"మన సారే టీచర్. మీ గురించి రోజూ చెప్తారు. హాలు గుమ్మం మీద మీ ఫొటో పెట్టించారు, పెద్దది. అందరం దాని కింద నిలబడి ఊపిరి బిగబట్టి లోపలికి పోతాం. ఫొటోకి దండ కూడా వేశారు."

"దండెందుకే? నేను బతికే ఉన్నాగా."

"అదే చెప్పాను టీచర్, ఎవరూ నమ్మట్లేదు. కింద రాశారు గదా, 'ఊపిరి పీల్చుట తప్పని ఆచరణలో చూపిన మొట్టమొదటి కోచ్' అని. అది చదివి అందరూ మీరు పోయారనే అనుకుంటన్నారు. కొత్త పిల్లలు వచ్చి దణ్ణం కూడా పెట్టుకుంటన్నారు."

కోటిరత్నం మైదానం వైపు తిరిగింది. మైదానంలో పిల్లలు అరుచుకుంటూ ఆడుతున్నారు. అవతల మస్తాన్‌బీ, లైను కట్టయిందేమోనని "టీచర్, టీచర్" అంటోంది.

"ఉన్నా," అన్నది కోటిరత్నం. "ఎల్లుండికి వస్తన్నానని మీ సారుకి చెప్పు. దండ నేనొచ్చి తీస్తాలే. దారి పొడుగునా కూత పెట్టుకుంటూ, తెగినప్పుడల్లా నిండా ఊపిరి పీల్చుకుంటూ వస్తన్నానని చెప్పు."